అడవి ఆర్కిడులనుగూర్చి తోటసంఘములలో ఉపన్యసించు విధము



పట్టణములలోను పెద్ద గ్రామములలోను ఇండ్లయందు పూలమొక్కలు పెంచుకొనువారు సంఘములుగా గూడి, నెలకొకమారు సమావేశమై, మొక్కల విషయము తెలిసినవారిని పిలిపించి ఉపన్యాసములు వినుట గలదు. ఈ వాడుక క్రొత్తది కాదు. తోటపనియందు ఆసక్తిగలవారు లండను నగరమున 1804లోను, చెన్నపట్టణమున 1835లోను ఇట్టి సంఘములను స్థాపించిరి. నేడు మన చిన్నపట్టణములలో గూడ మిద్దెతోటలు పెంచువారి సంఘములు బయలుదేరినవి.

నేను కొంతకాలముగా అట్టి సంఘముల ఆహ్వానముపై పోయి, మన తూర్పుకనుమలలో సహజముగా పెరుగు ఆర్కిడులనుగూర్చి మాటలాడుచున్నాను. మీలో పై తరగతులవారు కొందఱు నా వెంట వచ్చి, బల్లపై వస్తువులు సర్దుటయందును తెరపై బొమ్మలు చూపుటయందును సాయపడినారు. వారిలో ఇద్దరు ముగ్గురు ఇక తామే ఉపన్యసింపవలెనని కోరుచున్నారు. చాల సంతోషము. వారికిని, వారి వెనుక రాబోవు తమ్ములకును చెల్లెండ్రకును ఉపయోగపడునని ఈ పాఠమును వ్రాయుచున్నాను. ఉపన్యాసకుడు నేర్చుకొనవలసినవి మూడు: ఏమి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను, ఏమి చెప్పరాదు. మొదటి రెండింటిని గ్రంథములనుండియు పెద్దలనుండియు నేర్చుకొంటిని. మూడవదానిని తప్పుచేసి నేర్చుకొంటిని.

1. మనకు ముందుగా తెలియవలసినది

తనకు తెలియనిదానిని ఇతరులకు తెలుపుట ఎవరికిని సాధ్యము కాదు. కాబట్టి ఆర్కిడనగా నేమో ముందు స్పష్టపఱచుకొందము.

ఆర్కిడులు పుష్పించు మొక్కలలో మిక్కిలి పెద్ద కుటుంబములలో నొకటి. ప్రపంచమున సుమారు 28,000 జాతులు గలవు. మనదేశమున 1256 జాతులున్నట్లు భారత వృక్షశాస్త్ర పరిశీలన సంస్థవారు 2019లో ప్రకటించిరి. వీనిలో కొన్ని నేలపై మొలచును. అనేకములు చెట్ల కొమ్మలను పట్టుకొని పెరుగును.

పువ్వునుబట్టి ఆర్కిడును గుర్తింపవచ్చును. బయట మూడు రేకులు, లోపల మూడు రేకులు ఉండును. లోపలి మూడింటిలో ఒకటి తక్కినవానికంటె భిన్నమైన ఆకారముతోను రంగుతోను ఉండును. దీనిని పెదవి యందురు. పువ్వునకు వచ్చు తేనెటీగకు ఇది అరుగువంటిది. చాల ఆర్కిడులలో మొగ్గగానున్నప్పుడు ఈ పెదవి పైవైపున నుండి, పువ్వు విచ్చునాటికి కాడ మెలితిరిగి క్రిందివైపునకు వచ్చును. కేసరములును కీలాగ్రమును వేఱువేఱుగా నుండక, ఒక్క స్తంభముగా కలిసిపోయి యుండును. పుప్పొడియు మందార పువ్వునందువలె పొడిగా రాలక, చిన్న చిన్న ముద్దలుగా నుండి, వచ్చిన పురుగు తలకో వీపునకో అంటుకొని, మఱియొక పువ్వునకు చేరును.

విత్తనముల సంగతి మఱింత చిత్రమైనది. ఒక్క కాయలో వేలకొలదిగా, కొన్ని జాతులలో లక్షలకొలదిగా విత్తనములుండును. అవి ధూళివలె సన్నముగా నుండి గాలికి ఎగిరిపోవును. శనగగింజలో మొలకకు కావలసిన ఆహారము నిలువయున్నట్లు వీనిలో ఉండదు. కాబట్టి విత్తనము పడినచోట ఒకవిధమైన శిలీంధ్రము, అనగా బూజుజాతి జీవి, దానిని చేరి ఆహారమిచ్చిననే గాని మొలక బ్రతుకదు. ఈ రహస్యమును 1899లో ఫ్రాన్సు దేశీయుడగు నోయెల్ బెర్నార్ కనిపెట్టెను. 1922లో అమెరికావాడగు లూయిస్ నడ్సన్, పంచదారయు లవణములును కలిపిన జిగురుపై ఆ శిలీంధ్రము లేకయే విత్తనములను మొలిపింపవచ్చునని చూపెను. 1960లో ఫ్రాన్సువాడగు మోరెల్, మొక్క కొననుండి తీసిన చిన్న ముక్కతో అనేక మొక్కలను పుట్టించు పద్ధతిని ఆర్కిడులకు వర్తింపజేసెను. నేడు అంగళ్లలో అమ్ముడుపోవు ఆర్కిడులు సామాన్యముగా ఇట్టి గాజుసీసాలలో పుట్టినవే. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనుడు. ఉపన్యాసము చివర దీనితో పనియున్నది.

2. బదనిక యను పేరు తెచ్చిన చిక్కు

మన యుపన్యాసమునకు కథానాయికగా ఒక్క మొక్కను ఎన్నుకొనుట మంచిది. పది మొక్కలనుగూర్చి పదిమాటలు చెప్పుటకంటె, ఒక్కదానినిగూర్చి పూర్తిగా చెప్పిన విన్నవారికి నిలుచును. నేను సాధారణముగా మన మామిడితోపులలోను ఇప్పచెట్లపైనను కనబడు వాండా టెస్సెలాటా అను దానిని ఎన్నుకొందును. దీని ఆకులు పట్టెలవలె పొడవుగా, కాండమునకు రెండు ప్రక్కల వరుసగా నుండును. పువ్వు పసుపుతో కలిసిన గోధుమవర్ణమై, గళ్లచీరవలె గీతలు కలిగి, పెదవి మాత్రము నీలముగానో ఊదాగానో ఉండి, సువాసన గలిగియుండును.

ఈ మొక్క చరిత్రలో మన తెలుగుదేశమునకు సంబంధమున్నది. 1781 ప్రాంతమున సామర్లకోటలో కుంఫిణీవారి వైద్యుడుగా చేరిన విలియం రాక్స్‌బరో, ఆ చుట్టుపట్ల మొక్కలను పరిశీలించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. ఆయన 1793లో కలకత్తా తోటకు వెడలిపోయెను. ఆ బొమ్మలు కోరమాండలు తీరపు మొక్కలనుగూర్చిన గ్రంథముగా లండనులో 1795 మొదలుకొని ప్రకటింపబడినవి. మన వాండాకు శాస్త్రనామము మొదట లభించినది ఆ మొదటి సంపుటముననే. నీటిరంగులతో ఆ బొమ్మలు వేసిన మనవారి పేర్లు గ్రంథమున అచ్చుకాలేదు. సభలో ఈ మాట చెప్పినప్పుడు శ్రోతలు నిటారుగా కూర్చుందురు. తమ ఊరి మామిడికొమ్మపై నున్నదానికి ఇంత చరిత్ర యున్నదని వారెరుగరు.

ఇక చిక్కు. వాండా యనునది సంస్కృత పదమునుండి వచ్చినది. ఆ పదమునకు అర్థము ఇతర వృక్షములపై పెరుగు మొక్క. మన తెలుగున బదనిక యనుమాటయు అట్టిదే. చెట్టుపై మొలచిన దేనినైనను మనవారు బదనిక యందురు. అయితే బదనికలు రెండు విధములు. ఒకటి మామిడికొమ్మలోనికి తన వేరును దించి, రసమును పీల్చి, కొమ్మను ఎండబెట్టునది. ఇది ఆర్కిడు కాదు; నిజమైన పరాన్నజీవి. రెండవది చెట్టును కేవలము పీటగా వాడుకొని, గాలిలోని తేమను వాననీటిని బెరడుపై చేరిన చెత్తలోని సారమును గ్రహించి, తన ఆకులతో తన ఆహారమును తానే వండుకొనునది. మన ఆర్కిడు ఇది. ఒకే పేరు ఇద్దరికి ఉండుటచేత, దొంగ చేసిన తప్పునకు పొరుగువాడు దెబ్బలు తినుచున్నాడు.

ఒక సభలో తలపండిన రైతొకరు లేచి, “మాష్టారూ, మా తోటలో పెద్ద రసాలుచెట్టును ఈ బదనికయే తినివేయుచున్నది. కొట్టించివేయుమందురా?” అని అడిగిరి. నేను మాటలతో జవాబు చెప్పక, బల్లపై నుంచిన రెండు కొమ్మముక్కలను ఆయన చేతికిచ్చితిని. ఒకదానిపై పరాన్నజీవి నాటుకొన్నచోట కొమ్మ కణుపువలె ఉబ్బి, కోసిచూచిన దాని కట్టె చెట్టుకట్టెతో అతుకుకొని యుండెను. రెండవది గాలివానకు విఱిగిపడిన ఎండుకొమ్మ. దానిపై ఆర్కిడు వేరును గోటితో నెమ్మదిగా లేపగా బెరడుపైనుండి ఊడివచ్చెను. క్రింద గాయము లేదు. ఆయన కొంతసేపు చూచి, “అయ్యో, ఇన్నాళ్లు ఎన్నింటిని కొట్టించితినో” అని కూర్చుండెను. ఆనాటి సభలో నేను చెప్పిన మాటలన్నిటికంటె ఆయన అన్న ఆ ఒక్కమాట ఎక్కువ పనిచేసినది.

3. ఉపన్యాసపు కూర్పు

తోటసంఘముల సభకు సాయంకాలము పనులు ముగించుకొని వచ్చువారు, పెద్దవయస్సువారు, ఇంటి ఆడువారు, వెంటవచ్చిన పిల్లలు, అందఱును ఉందురు. వారికి మొక్కలయందు ప్రేమ యున్నది, శాస్త్రపరిభాష తెలియదు. కాబట్టి ఉపన్యాసము నలువది నిమిషములకు మించరాదు. ప్రశ్నలకు ఇరువది నిమిషములు విడువవలెను.

మొదటి అయిదు నిమిషములలో ఒక వస్తువును చూపుడు. నేను ఇంటివద్ద పెంచిన వాండాను తెచ్చి, దాని వ్రేలాడు వేరును ముందు అందఱకు చూపుదును. అది పొడిగానున్నప్పుడు వెండివలె తెల్లగా నుండును. దానిపై నీరు చల్లిన, చూచుచుండగానే ఆకుపచ్చగా మారును. వేరునకు పైన దూదివంటి పొర యొకటి గలదు. అది నీటిని త్రాగి పలుచబడగా లోపలి పచ్చదనము కనబడును. ఇది చూచిన పిల్లవాడు ఇంటికిపోయి ఈ సంగతి చెప్పక మానడు.

తరువాత పదునైదు నిమిషములు మొక్క బ్రతుకు తీరును చెప్పుడు. అంగడిలో కొన్న డెండ్రోబియం పువ్వును తీసికొని, సన్నని పుల్లతో స్తంభపు కొనను తాకి, పుప్పొడి ముద్దలు పుల్లకు అంటుకొని వచ్చుట చూపుడు. అడవి పువ్వును ఇందుకు కోయరాదు.

పిదప పది నిమిషములు మన కొండలలోని ఇతర జాతులను తెరపై చూపుడు. నక్కతోకవలె గుత్తిగా వ్రేలాడు రింకోస్టైలిస్ రెటూసాను చూపి, అస్సాము రాష్ట్రపు పుష్పము ఇదియే యనియు, అచ్చటి స్త్రీలు బిహూ పండుగనాడు దీనిని కొప్పున ముడుచుకొందురనియు చెప్పుడు. దళసరి ఆకులతో, పసుపు పువ్వులపై ఎఱ్ఱని గీతలతో నుండు అకాంపే ప్రేమోర్సాను చూపుడు. దీనికిని రాక్స్‌బరో గ్రంథముననే మొదట పేరు పెట్టబడినది. తొలకరి వానకు ముందు పువ్వును, పువ్వు వాడిన పిమ్మట ఒకే ఆకును పైకి పంపు నెర్వీలియాను చూపుడు. బొమ్మకొక నిమిషము చాలును. బొమ్మపై వ్రాసియున్న పేరును మరల చదువుట కాలహరణము. చూచినంతమాత్రమున తెలియనిదానిని చెప్పవలెను.

చివరి పది నిమిషములు ఈ మొక్కల క్షేమమునుగూర్చి మాటలాడుడు. దీనిని చివర నుంచుటకు కారణము గలదు. ప్రారంభముననే “కోయకుడు, తాకకుడు” అన్న శ్రోత తనను దొంగగా భావించిరని నొచ్చుకొనును. మొక్క బ్రతుకు తెలిసిన తరువాత ఆ మాట చెప్పనక్కఱయే లేదు, వారే అందురు.

4. చెప్పదగిన రెండు కథలు

శాస్త్రము నడుమ కథ యుండవలెను. అయితే అది నిజమైన కథ కావలెను.

మొదటిది మీవంటి బాలుని కథ. వెనిల్లా యను సుగంధద్రవ్యము మెక్సికో దేశపు ఆర్కిడుతీగ కాయనుండి వచ్చును. ఆ తీగను ఇతర దేశములకు తెచ్చి నాటినప్పుడు పూసినది గాని కాయలేదు. దాని పువ్వును ఫలింపజేయు పురుగులు అచ్చట లేవు. పండితులు అనేక సంవత్సరములు విచారించిరి. 1841లో రీయూనియన్ ద్వీపమున ఎడ్మండ్ అను పండ్రెండేండ్ల బానిసబాలుడు ఒక చిన్న పుల్లతో పువ్వులోని అడ్డుపొరను ఎత్తి, బొటనవ్రేలితో పుప్పొడిని కీలాగ్రమునకు నొక్కెను. కాయ కాచెను. నేటికిని వెనిల్లా తోటలలో పనివారు ఈ పద్ధతినే అనుసరించుచున్నారు. 1848లో ఆ ద్వీపమున బానిసత్వము తొలగింపబడినప్పుడు అతనికి ఆల్బియస్ అను ఇంటిపేరు వచ్చినది గాని, ధనము రాలేదు. 1880లో పేదవాడుగానే మరణించెను. మీరు తిను ఐసుక్రీములోని వెనిల్లా వాసనలో ఆ బాలుని వ్రేలు ఉన్నదని చెప్పుడు.

రెండవది డార్విను కథ. మడగాస్కరు ద్వీపపు తెల్లని ఆర్కిడు ఒకదానికి సుమారు అడుగు పొడవైన గొట్టమువంటి తోక యుండి, దాని అట్టడుగున మాత్రమే తేనె యుండెను. 1862లో డార్విను దానిని పరిశీలించి, అంత పొడవైన తొండముగల రెక్కలపురుగు ఆ ద్వీపమున ఉండితీరవలెనని వ్రాసెను. కొందఱు నవ్విరి. ఆయన 1882లో గతించెను. 1903లో అట్టి తొండముగల పురుగును మడగాస్కరునుండి తెచ్చి శాస్త్రజ్ఞులు వర్ణించిరి. పువ్వునుచూచి, కనబడని పురుగును ఊహించుట ఎట్టిదో శ్రోతలకు ఈ కథచేత బోధపడును. పురుగు పోయిన పువ్వును పోవును, పువ్వు పోయిన పురుగును పోవును అనియు బోధపడును.

5. నేను చేసిన తప్పు

ఇక మూడవ విషయము. నా మొదటి యుపన్యాసము మిక్కిలి బాగుండెనని అందఱు మెచ్చుకొనిరి. కొండదిగువ నొక పల్లెవద్ద నున్న పాత మామిడితోపులో, ఒక్కొక్క చెట్టుపై పది పండ్రెండు వాండాలు పూచియున్న దృశ్యమును తెరపై చూపితిని. సభ అంతయు ఆహాయని పలికెను. ఒకరు, “మాష్టారూ, ఇది ఎచ్చట?” అని అడిగిరి. నాకు ఉత్సాహము హెచ్చి, ఊరిపేరు, దారి, ఎడమచేతి మలుపు, చెరువుగట్టు, సమస్తము చెప్పితిని. పువ్వుల అందమును ముప్పది నిమిషములు వర్ణించితిని. వాని బ్రతుకు తీరును అయిదు నిమిషములలో ముగించితిని.

మరుసటి యేడు ఎండకాలమున ఆ తోపునకు పోయితిని. మనిషి చేయి అందినంత ఎత్తున, నిచ్చెన అందినంత ఎత్తున, ఒక్క మొక్కయు లేదు. బెరడుపై వేళ్లు తెగిన గుర్తులు తెల్లని గీతలవలె మిగిలియుండెను. తోపు కావలి కాయు ముసలాయన నన్ను గుర్తుపట్టి, నమస్కరించి, “బాబూ, పట్నమునుండి వచ్చినవారు తమ పేరు చెప్పిరి. తమవారే గదా యని నిచ్చెన నేనే తెచ్చి యిచ్చినాను” అనెను. ఆయన ముఖమున నాకు మేలుచేసితినను సంతోషమే యుండెను. నాకు జవాబు చెప్పుటకు నోరు రాలేదు.

తీసికొనిపోయినవారు దుర్మార్గులు కారు, మొక్కలను ప్రేమించువారే. వారిలో నొకరు కొన్ని నెలలకు కుళ్లిన మొక్కనొకదానిని కుండతోసహా తెచ్చి, “ఎందుకు చచ్చినది మాష్టారూ? రోజును నీరు పోయుచున్నాను” అని అడిగిరి. కుండనిండ మన్ను పోసి వేళ్లను పూడ్చియుండిరి. గాలి తగులవలసిన వేరు మన్నులో ఊపిరాడక కుళ్లినది. ఆ మొక్క గాలిలో బ్రతుకునని నేనే సరిగా చెప్పియుండవలసినది. త్రోవ చెప్పిన నోటితో తీరును చెప్పకపోయితిని. తప్పు వారిది కొంత, నాది ఎక్కువ.

ఆనాటినుండి మూడు నియమములు పెట్టుకొంటిని. మీరును పాటింపుడు.

మొదటిది: అడవి ఆర్కిడు పెరుగుచోటు పేరు సభలో చెప్పరాదు. తూర్పుకనుమలని చెప్పిన చాలును. ఎంత స్నేహితులడిగినను అంతే.

రెండవది: తెరపై చూపు బొమ్మలో మైలురాయి, గుడి, కొండశిఖరము మొదలగు గుర్తులు కనబడనీయరాదు. చేతిఫోనుతో తీసిన బొమ్మలో తీసిన స్థలపు వివరము కంటికి కనబడకుండ దాగియుండవచ్చును. బొమ్మను ఇతరులకు పంపుటకు ముందు దానిని తొలగింపవలెను.

మూడవది: కోరిక పుట్టించినవాడు దానికి మంచిదారి చూపవలెను. అందమును చూపి ఊరకొన్న, వినినవారు అడవికి పోవుదురు. ఇంటిలో పెంచదగినది ఏది, ఎచ్చట కొనవచ్చును, ఎట్లు పెంచవలెనో చెప్పిన, అంగడికి పోవుదురు.

6. పెద్దవారును చేసిన తప్పు

ఇది నా యొక్కని తప్పు కాదు. 1850లో జోసెఫ్ హూకర్ అను గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు ఖాసీ కొండలలో నీలి వాండాను చూచి, లండను సమీపమందలి క్యూ తోటకై ఏడుగురు మనుష్యులు మోయునంత సేకరించెను. దారిలో కలిగిన అవాంతరములచేత వానిలో కొద్ది మాత్రమే ప్రాణముతో చేరినవి. ఆ చోటు చూచుకొనుటకై తన తోటమాలిని వెంట పంపిన మఱియొకరు ఒక మనిషిమోతను ఇంగ్లండునకు పంపగా, అది వాడిపోయిన స్థితిలోనే 300 పౌనులకు అమ్ముడుపోయినది. ఈ వృత్తాంతమును హూకరే తన ప్రయాణగ్రంథమున వ్రాసియుంచెను. చోటు చూపినంతమాత్రమున ఏమగునో ఇందువలన గ్రహింపుడు.

ఇంగ్లండు దేశమున చెప్పువంటి పెదవిగల పసుపుపచ్చని ఆర్కిడు నొకదానిని తోటలకై త్రవ్వి త్రవ్వి, చివరకు పూర్తిగా నశించినదని తలచిరి. 1930లో యార్కుషైరు ప్రాంతమున ఒకేయొక్క మొక్క కనబడెను. చూచినవారు ఆ చోటును రహస్యముగా దాచి, పూచుకాలమున కావలి కాచిరి. 1983లో క్యూ తోటవారు దాని విత్తనములను ప్రయోగశాలలో మొలిపించు పనికి పూనుకొనిరి. 1989 మొదలుకొని పిల్లమొక్కలను అడవిలో నాటిరి. వానిలో మొదటి పువ్వు 2000 సంవత్సరమున పూచినది. నాటినది మొదలు పూచుటకు పదునొకండేండ్లు! త్రవ్వుటకు పట్టినది పదునొకండు నిమిషములైన ఉండునా?

మనదేశమునను దక్షిణమున అగస్త్యమల ప్రాంతమున మాత్రమే పెరుగు పాఫియోపెడిలం డ్రూరీ అను జాతి ఇట్లే అతిసేకరణచేత నశించు స్థితికి వచ్చినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో చేసిన సవరణయందు నీలి వాండా, ఎఱ్ఱ వాండా, చెప్పుపెదవి ఆర్కిడులు రక్షణ పొందినవి. 1975లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికచేత ఆర్కిడు కుటుంబమంతయు దేశములనడుమ వ్యాపారవిషయమున కట్టుబాటునకు లోబడియున్నది. మనదేశము 1976లో దానియందు చేరినది. రిజర్వు అడవినుండి అనుమతిలేక ఏ మొక్కను తీసినను 1967 నాటి మన అటవీచట్టముప్రకారము నేరమే. ఈ చట్టములను సభలో రెండు వాక్యములలో చెప్పుడు. బెదిరించు స్వరముతో చెప్పకుడు.

7. తప్పక అడుగు ప్రశ్నలు

“మా చెట్టుపై నున్నదానిని ఏమి చేయవలెను?” ఏమియు చేయనక్కఱలేదు. ఉండనిండు. చెట్టుకు మందు చల్లునప్పుడు దానిపై పడకుండ చూచిన చాలును.

“గాలివానకు కొమ్మ విఱిగి మొక్క నేలబడినది. తీసికొనవచ్చునా?” మీ సొంత తోటలోనిదైన, దానిని అదే తోటలో మఱియొక చెట్టుకు కొబ్బరిపీచుతాడుతో కట్టుడు. వేళ్లు బెరడును పట్టుకొనువరకు ఎండదినములలో నీరు చల్లుడు. అడవిలోనిదైన అటవీశాఖవారికి తెలుపుడు.

“ఇంటిలో పెంచవలెననిన?” అంగడిలో కొనునప్పుడు, ఇది పెంపకపు మొక్కయా, అడవినుండి తెచ్చినదా యని అడుగుడు. పెంపకపు మొక్కలు ఒకే వయస్సుతో, ఒకే పరిమాణముతో, శుభ్రమైన వేళ్లతో నుండును. ఆకులు చినిగి, వేళ్లు తెగి, బెరడుముక్కలు అంటుకొని యున్నదైన, ఎంత చవుకగా ఇచ్చినను కొనకుడు. బొగ్గుముక్కలు, పెంకులు, కొబ్బరిడొక్కలు వేసిన చిల్లుల కుండలో పెట్టి, ఉదయపుటెండ తగులునట్లు వ్రేలాడదీయుడు. వేళ్లు తెల్లబడిన పిమ్మట నీరు పోయుడు. మన్ను వేయకుడు.

“దీని వేరు మందునకు పనికివచ్చునట గదా?” కొన్ని ప్రాంతములందు వాండా వేళ్లను రాస్న యను పేర వైద్యమున వాడుదురు. ఏది ఏ రోగమునకో వైద్యులు చెప్పవలెను, మనము చెప్పరాదు. మొక్కలు తగ్గిపోవుటకు ఇదియు ఒక కారణమని మాత్రము చెప్పవచ్చును.

“ఇవి ఎచ్చట చూడగలము?” అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇదియే. అడుగువారి ముఖమున ఆశయుండును. కాదనుటకు మనస్సు రాదు. అప్పుడు, “మీ ఊరి పాత మామిడిచెట్లను, రోడ్డుప్రక్క చింతచెట్లను ఎండకాలమున తలయెత్తి చూడుడు” అని చెప్పుడు. ఇది దాటవేయు మాట కాదు. నా మాట విని చూచినవారు పలువురు తమ ఇంటికి పిలుపుదూరములోనే వాండాను కనుగొన్నారు. తాను వెదకి కనుగొన్నదానిని మనుష్యుడు కాపాడుకొనును. ఇతరులు చూపినదానిని పెఱుకుకొనును.

తెలియని ప్రశ్న వచ్చినప్పుడు తెలియదని చెప్పుడు. అడిగినవారి చిరునామా వ్రాసికొని, చదివి తెలిసికొని, వారమునాళ్లలో జాబు వ్రాయుడు. అట్లు వ్రాసిన జాబు ఉపన్యాసముకంటె ఎక్కువ కాలము నిలుచును.

8. అభ్యాసము

వేసవి సెలవులలో ఈ మూడు పనులు చేసి రండు. ఒకటి: మీ ఊరిలో చెట్లపై మొలచిన మొక్కలను నాలుగింటిని చూచి, ఏది పరాన్నజీవియో, ఏది కేవలము ఆశ్రయము పొందినదియో, కారణముతో వ్రాయుడు. చెట్టెక్కకుడు, ఏదియు కోయకుడు. రెండు: మీ ఇంట అమ్మమ్మకో తాతగారికో ఆర్కిడు వేరునుగూర్చి అయిదు నిమిషములు చెప్పుడు. వారు మరల మీకు చెప్పగలిగిన, మీ యుపన్యాసము కుదిరినది. మూడు: “ఇది ఎచ్చట?” అని అడిగినవారికి మీరు చెప్పు జవాబును నొప్పింపని మాటలతో వ్రాసికొని రండు.

చివరిమాట. నేను చెప్పిన ఆ తోపున, నిచ్చెనకందని కొమ్మలపై రెండు మొక్కలు మిగిలినవి. ఏటేట పోయి చూచుచున్నాను. కావలి తాత ఇప్పుడు నిచ్చెనను ఇంటిలోపల దాచినాడు. మొన్న వానలకు ఆ చెట్టు మొదట, బెరడు పగులులో, గోరంత ఆకులతో రెండు పిల్లమొక్కలు కనబడినవి. అవి పూచునాటికి మీరు చదువులు ముగించి ఉద్యోగములలో నుందురు. అప్పుడు తీసికొనిపోయి చూపెదను. ఊరిపేరు మాత్రము ఇందు వ్రాయను.